కాటా

ఫిరంగిపురం దాటేసరికి
తూర్పున ఇంకా కోడి కూతే, వెలుగు కాదు.
గుంటూరు యార్డులో కాటా రాసే చేతులివి.
టిక్కీ ఎత్తగానే నలభైయొకటో నలభైమూడో
ముల్లు కదలకముందే చెప్పేస్తాను.
నా బరువెంతో మాత్రం
కొండవీడు ఘాట్ రోడ్డు మూడో మలుపు దాకా తెలీలేదు.

ఫారెస్టు గేటు దగ్గర జకరయ్య
టైరు నొక్కి చూశాడు,
బేరానికొచ్చిన గేదె పళ్ళు చూసినట్టు.
"దిగి నెట్టుకుంటూ పో అబ్బాయ్, సిగ్గేముంది?"
సిగ్గు లేదు. దించడానికి గేర్లే లేవు ఇంక.
లాలాపేటలో కరీముల్లా బిగించిన బ్రేకులు
దిగడానికే పనికొస్తాయి.

ఎడమన రాతిగోడ. కుడివైపు ఏమీ లేదు, లోయ.
అందులో సీతాఫలం చెట్లు,
ఎవరూ కోయకూడని కాయలు
కళ్ళు విప్పి చూస్తున్నాయి.
ఎక్కడో నెమలి అరిచింది,
అది నా ఊపిరే అనుకున్నాను.

పదకొండేళ్ళ మిరప ఘాటు ఈ ఛాతీలో ఉంది.
ఒక్కో మలుపుకీ కొంత దగ్గి పారేశాను.
క్షమించాలి,
చెత్త వేయరాదని బోర్డు ఉంది ఇక్కడ.

అబద్ధమెందుకు, ఐదో మలుపులో కాలు దించాను.
హ్యాండిల్‌కి నుదురు ఆనించి నిలబడితే
చెమట బొట్టు తారు మీద పడి
చూస్తుండగానే ఆరిపోయింది.
లోయంతా చప్పుడు చేయకుండా
నన్ను కాటా మీద పెట్టింది.

ఎంత తూగానో చెప్పలేదు.
నేనూ అడగలేదు.
పెడల్ మీద మళ్ళీ కాలు పెట్టాను.
పైన ఇంకా మలుపులున్నాయట,
ఇవాళ మాత్రం లెక్క రాయను.