పూతరేకంత వెలుగు

యశ్వంతపురం దాటాక, నేలమాళిగలో మా గది.
రాత్రి రెండున్నర. పైన లారీ పోతే
బల్ల కింది గాలితిత్తులు ఊపిరి బిగబడతాయి.

గాజుపెట్టెలో చారల చేపపిల్ల,
గుడ్డు పడి నలభై ఆరు గంటలు,
బియ్యపు నూకంత.
పక్కనుంచి నీలి వెలుగురేకు జొనుపుతాను,
బోర్లించిన కుండ మీద పిండిగుడ్డ లాగి
మా సూరాంబత్త ఒలిచే పూతరేకు కన్నా పలచన.
రేకు తాకిన పొర ఒక్కటే పచ్చగా వెలుగుతుంది.
మిగతా ఒళ్లు చీకట్లో పడుకుంటుంది.

మొదట్లో బొమ్మనిండా నీడల గీతలే.
కంటి నలుపు అడ్డొచ్చి, వెనకంతా
తడిక సందుల్లోంచి ఎండ పడ్డట్టు.
రేకును విసనకర్రలా అటూ ఇటూ ఊపితే
గీతలు కరిగాయి.
ఇంకా తేటగా కావాలని లేజరు పెంచాను.
ఎంత బాగా వచ్చిందో బొమ్మ!
తెల్లారేసరికి గుండె ఆగింది.
మీటింగులో అందరూ మెచ్చుకున్నారు.
నేనూ నవ్వాను. ఆ మాట ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

పీణ్యలో బసవలింగప్ప లేతు.
కొత్త పెట్టెకి కొలతలు పట్టుకెళ్తే
నూనె చేతులతో కాగితం తిప్పి తిప్పి చూసి
"మీను మళ్లీ ఈదుతుందా సార్?" అన్నాడు,
సగం కన్నడం, సగం తెలుగు.
మైక్రాన్లు చెప్పాను. పిక్సెళ్లు చెప్పాను.
"అది కాదు" అన్నాడు.

అగరోజును జావలా పలచన చేశాను,
తోక పెరగడానికి చోటుండాలని.
నీళ్ల వేడి ఇరవై ఎనిమిదిన్నర.
కెమెరా రెప్ప తెరిస్తేనే వెలుగు.
లేజరు పదోవంతు. బొమ్మ మీద ఇసుక రాలింది.
రాలనీ.
కొబ్బరాకు మంట ఎక్కువైతే రేకు చిట్లుతుంది,
తక్కువైతే ఊడిరాదు, అనేది అత్త.
ఆ మధ్య చోటు ఆమె చేతికి తెలుసు.
నాకు పదకొండు పిల్లలు పట్టాయి.

ఇది పన్నెండోది.
గుండెగొట్టం మెలిక తిరిగింది.
నెత్తుటి కణాలు ఒక్కొక్కటే, తోసుకుంటూ.
ఏడింటికి అన్నీ ఆపేసి
మత్తునీళ్లలోంచి తీసి మంచినీళ్లలో వదిలాను.
అడుగున పక్కకి ఒరిగి పడుంది.
చాలాసేపు అలాగే ఉంది.
వెంట్రుక కొసతో తోక తాకాను.
ఉలిక్కిపడి ఆ మూలకి పోయింది.

బసవలింగప్పకి ఫోన్ చేశాను. వెనక లేతు మోత.
"ఈదింది" అన్నాను.
వినపడలేదు, ఇంకోసారి చెప్పమన్నాడు.