ముప్పావు లీటరు

వేల్స్‌లో, బాలా సరస్సు ఒడ్డున,
జూన్ ఆదివారం, పొద్దున ఏడున్నర.
అద్దెకు తెచ్చిన వెట్‌సూట్‌లోకి
నన్ను నేను కూరుకుంటున్నాను,
దిండు గలీబులోకి పరుపుని కూరినట్టు.
వెనక జిప్పు అందదు.
ముక్కూ మొహం తెలియని ఒకావిడ వచ్చి
"ఊపిరి బిగబట్టు" అని లాగి మూసి
పేరైనా చెప్పకుండా పోయింది.

నడుముకి తాడుతో నారింజరంగు బుడగ.
మునిగితే ఆనవాలుకట.
టోపీ మీద నూట నలభై మూడు.
యాభై ఒకటో ఏట వచ్చిన ఈత నాది,
రెక్సమ్ కౌన్సిల్ కొలనులో
అడుగున నల్లగీత చూసుకుంటూ,
గీత తప్పితే గోడ పట్టుకుంటూ.

ఇక్కడ గీత లేదు. గోడ లేదు.
అడుగు సంగతి అడగొద్దు.

బస్సు డిపోలో నా పక్క కిటికీ గ్లెనిస్‌ది,
పదకొండేళ్ళుగా.
వారానికి మూడురోజులు ఆమె నెత్తురు
గొట్టాల వెంట బయటికి పోయి
కడుక్కుని ఇంటికొస్తుంది.
రోజుకి ముప్పావు లీటరు, అంతే:
టీ, సూపు, మాత్ర మింగే గుక్క, అన్నీ అందులోనే.
సీసా మీద మార్కర్‌తో గీతలు గీసుకుంటుంది.
మరీ నాలుక పిడచగట్టుకుపోతే
ఒక ఐసుముక్క బుగ్గన పెట్టుకుంటుంది.

మాట తేల్చనివాళ్ళని మేము
నీళ్ళు నములుతున్నారంటాం, అని చెప్పానొకసారి.
"అయితే నాకు తెలుగొచ్చు" అంది,
ఐసు కటుక్కున కొరికి.

కౌంటరు మీద ఖాళీ కాఫీ సీసా పెట్టాను.
డ్రైవర్లు దిగుతూ ఎక్కుతూ వేసింది
మూడువందల పద్దెనిమిది పౌన్లు,
ఒక యూరో బిళ్ళ, ఒక కోటు గుండీ.
డయాలిసిస్ వార్డులో
కిటికీ పక్కన ఇంకో వాలుకుర్చీ కోసం.
మైలు ఈదుతానని రాసిచ్చాను.
రాసేటప్పుడు కాగితం పొడిగా ఉంది కదా.

హారన్ మోగింది.

మునిగాక చలేమిటన్న సామెత
ఎవరు పుట్టించారో గానీ
వాళ్ళు బాలా రాలేదు.
నీళ్ళు చెంప మీద కొట్టాయి, మెడ పట్టుకున్నాయి.
ఊపిరి లోపలికెళ్తోంది, బయటికి రావడం మరిచిపోయింది.
మొహం ముంచితే ఆకుపచ్చ, ఆ కింద గోధుమ,
ఆ కింద నాకు పేరు తెలియని నలుపు.
యాభై గజాలకే
నా ఈత మీద నేను నీళ్ళొదులుకున్నాను.

కయాక్‌లో యెస్టిన్ అనే కుర్రాడు,
మీసం ఇంకా రాలేదు,
"వెల్లకిలా తిరుగు ఆంటీ లాంటి" గొంతుతో
"వెల్లకిలా తిరగండి, మబ్బులు లెక్కపెట్టండి" అన్నాడు.
మబ్బు ఒక్కటే ఉంది, కొండ నుంచి కొండ దాకా.
దాన్నే లెక్కపెట్టాను, నలభై సార్లు.
ఊపిరి దాని పని అది గుర్తు తెచ్చుకుంది.

తరవాత చేయి, చేయి, మొహం పక్కకి.
చేయి, చేయి.
సగం దారిలో ఎవరిదో కాలు లేపిన అల
నిండు గుక్కగా నోట్లోకి దూరింది.
మింగేశాను.
మట్టి రుచి, కాస్త ఇనుము.
ఇది ఆ సీసా మీద ఎన్ని గీతలు?
ఇంత సరస్సు నా చుట్టూ వృథాగా పడుంది,
తాగింది, ఉమ్మింది, ముక్కులోకి పోయింది
అడిగేవాళ్ళెవరూ లేరు.

ఒడ్డున రాళ్ళు మోకాళ్ళకి తగిలాయి.
నా వెనక ఇంకా ఇద్దరే.
మడతకుర్చీలో గ్లెనిస్, ఒళ్ళో ఫ్లాస్కు.
మూత నిండా టీ వంచి ఇచ్చింది,
ఆవిరి తన మొహం మీదుగా పోనిచ్చి.
"నువ్వు తాగు. నేను చూస్తాను."

చేతులు వణికి సగం గడ్డిలో ఒలికింది.
"చూసి!" అంది.
పదకొండేళ్ళలో ఆ గొంతు నేను వినలేదు.

మిగిలిన సగం
గుక్క గుక్కగా,
ఒక్కో గీతే దిగుతున్నట్టు
తాగాను.