ఒకటిన్నర బార్

"తల కదలకూడదు," అంది డాక్టరు,
కీట్మాన్స్‌హూప్ ఆసుపత్రి మెట్ల మీద నిలబడి,
మా ఊరి రోడ్డు ఎప్పుడూ చూడనిదానిలా.

నాన్నకి ఒక కన్ను ఎప్పుడో పోయింది,
ఎగిరొచ్చిన కంకర తగిలి.
రెండోదానికి నిన్న కత్తి పడింది.
ఇప్పుడు రెంటికీ కలిపి ఒకటే కట్టు.

బెథానీ దాకా తారు, భయం లేదు.
తారు తెగిన చోట బండి ఆపి
నాలుగు చక్రాల దగ్గరా మోకాళ్ల మీద కూర్చున్నాను.
పిన్ను నొక్కితే బుసకొడుతూ పోయింది గాలి,
రెండున్నర బార్ల నుంచి ఒకటిన్నరకి.
పదహారేళ్లుగా టైర్ల కొట్టు నాది,
గేజి అబద్ధమాడినా బొటనవేలు ఆడదు.
టైర్ల పొట్టలు కాస్త జారాయి,
భోంచేసి బెల్టు వదులు చేసుకున్న మనుషుల్లా.

గట్టి టైరు ప్రతి రాయితోనూ తగాదాకి దిగుతుంది.
మెత్తనిది రాయిని నోట్లో వేసుకుని
చప్పరించి వదిలేస్తుంది.

షాక్ అబ్జార్బర్లు పోయిన వారమే మార్చాను,
ఎవరి బాకీ కిందో వచ్చినవి.
కమాన్లకి జ్ఞాపకం ఎక్కువ:
ఒక్క గుంట తగిలితే ఇరవై గజాల దాకా
అదే తలుచుకుని ఊగుతాయి.
ఇక చాల్లే అని వీపు మీద చెయ్యి వేసేది షాకు.
ఊపంతా దాని గుక్కెడు నూనెలో
వేడిగా మారి అణిగిపోతుంది.

నలభై దాటనివ్వలేదు.
గాలి తగ్గిన టైరుని పరిగెత్తిస్తే పక్కలు కాలిపోతాయి.
ముందంతా అలలు అలలుగా గట్టిపడిన కంకర,
ఇంటికప్పు రేకులు తెచ్చి దారంతా పరిచినట్టు.
మా బండి దాని మీద
నిద్రలో నడిచేవాడిలా పోయింది.
గ్లాసులో నీళ్లు తొణకలేదు.
గర్వం వేసింది, దాచడం దేనికి.

నాన్న మాట్లాడటం లేదు.
నిద్ర పట్టిందనుకున్నాను.
కాసేపటికి చెయ్యి చాచి తలుపు తడిమాడు,
డాష్‌బోర్డు తడిమాడు.
"అపోలోనియా, ఎక్కడున్నాం?"

"గేటు దాటాం."
"ఏ గేటు?"
"ఖోయిసెబ్ వాళ్లది."
"ఇనప పట్టాలు తగల్లేదే?"
తగిలాయి.
ఆరింటినీ నా టైర్లు మింగేశాయి.

ముప్పై ఒక్క ఏళ్లు ఈ రోడ్డుని గీకినవాడు ఆయన,
గ్రేడరు వెనక చిన్న రేకు గదిని లాక్కుంటూ,
అందులోనే వంట, అందులోనే పడక.
ఈ అలల్ని బ్లేడుతో చెక్కుకుంటూ పోయేవాడు.
తిరిగొచ్చేసరికి గొర్రెల లారీలు మళ్లీ పోసేవి.
విసుక్కున్న గుర్తు లేదు.
ఎండిన ఏటి దగ్గర రెండు పెద్ద కుదుపులు, ఒక చిన్నది.
కోకెర్‌బూమ్ చెట్ల మలుపులో ఎడమకి జారుడు.
నల్లరాళ్ల దగ్గర పాదాల కింద గలగల.
దారి ఆయనకి కంటితో కాదు,
నడుముతో వచ్చు.

"చీకటి డాక్టరు పెట్టింది, సరే," అన్నాడు.
"దారిని నువ్వెందుకు తీసేశావు?"

మళ్లీ దిగాను.
డాక్టరు మాటకీ నాన్న మాటకీ మధ్య
ఎన్ని బార్లు?
ఏ గేజి మీదా ఆ అంకె లేదు.
దుప్పటి మడిచి ఆయన మెడకి అటూ ఇటూ దోపాను.
కంప్రెసర్ బ్యాటరీకి తగిలించి
ఆయన వైపు ముందు చక్రానికి మాత్రం
ఒకటీ ముప్పావు దాటించాను.
ముందు చక్రాలు రెండూ సమానంగా ఉండాలని
కొట్టుకొచ్చే ప్రతివాడికీ పాఠం చెప్పేది నేనే.
బండి కొంచెం కుడికి లాగింది,
స్టీరింగు ఎడమకి పట్టుకుని పోనిచ్చాను, ఇరవైలో.

ఏరు వచ్చింది. నేను చెప్పలేదు.
దడ్.
దడ్.
మూడోది.
కట్టు కింద ఆయన బుగ్గ కదిలింది.

"చివరిది పెద్దదైంది," అన్నాడు.
"కొత్త కుర్రాడు బ్లేడు మరీ లోతుకి దించుతున్నాడు."