మెయిన్ స్విచ్

ఊరెళ్ళేముందు గ్యాసు కట్టాలి,
కుళాయిలు ఒకటికి రెండుసార్లు చూడాలి,
మెయిన్ ఆపాలి.
మా నాన్న షిప్‌యార్డులో ఎలక్ట్రీషియన్.
ఆయన్నించి నాకొచ్చిన ఆస్తి ఈ మూడు మాటలే.

పలాసలో రైలాగింది.
ఎదురుసీటాయన జీడిపప్పు పొట్లం విప్పి
తీసుకోండి, కొత్త పంట, అన్నాడు.
చెయ్యి చాపాను.
పొద్దున్న ఆ చెయ్యి ఏం చేసొచ్చిందో
అప్పుడు గుర్తొచ్చింది.

అక్కయ్యపాలెంలో, మూడో అంతస్తులో,
చీకట్లో పదకొండు చేపలు.
మోటారు లేదు, బుడగ లేదు.
కిటికీలన్నీ బిగించి మరీ వచ్చాం కదా,
ఆ గాజుపెట్టె చుట్టూ మా ఇల్లు ఇంకో పెట్టె.

ఇదివరకు జరగలేదా అంటే, జరిగాయి.
మా బావమరిది కొడుకు
పాపం ఆకలేస్తోందని మేత డబ్బా మొత్తం గుమ్మరించాడు.
మూత వెయ్యడం మరిచి అరసవల్లి వెళ్ళొస్తే
నారింజరంగుది టీవీ వెనక దొరికింది,
బిరియానీ ఆకులా ఎండి.
దోమల మందు సంగతి
సుభాషిణి దగ్గర ఇప్పటికీ ఎత్తను.
అవన్నీ మతిమరుపులు.
ఇది జాగ్రత్త.

తాళం ఎర్నమ్మ దగ్గరుంది.
మా వీధిలో చేపలమ్మే ఎర్నమ్మ.
రోజూ బుట్ట దించి, చేతులు కడుక్కుని
చిటికెడు మేత వేస్తానని ఒప్పుకుంది.
"నానమ్మినయ్యి మీరు తింతారు,
మీరు పెంచినయ్యి నాను మేపాల" అని నవ్వింది కూడా.
ఫోన్లో ముందు నమ్మలేదు.
"అదేటి బాబూ,
నీల్లలో సేప ఊపిరాడక సచ్చిపోద్దేటి?"

పెదజాలరిపేట నుంచి ఆటో కట్టించుకుని ఆమె వచ్చేసరికి
నేను సోంపేట దాటాను.
మెయిన్ ఎక్కడుందో చెబుతున్నాను,
తలుపు వెనక, పైన, ఎర్ర మీట...
"బాబూ, కాళ్ళ కింద తడి" అంది.

మోటారు ఆగితే నీళ్ళు
గాలిగొట్టంలోంచి వెనక్కి నడుస్తాయట.
బొట్టు బొట్టుగా వైరు పట్టుకుని దిగి
ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద మడుగు కట్టాయి.
ముట్టుకోవద్దు! అని అరిచాను.
పై బెర్తుల్లోంచి తలలు వంగి చూశాయి.

మెయిన్ ఆపబట్టే నీళ్ళు వెనక్కి నడిచాయి.
మెయిన్ ఆపి ఉండబట్టే
తడి కాళ్ళతో ఎర్నమ్మ నిలబడి ఉంది.
నాన్న ఉంటే ఎటు మాట్లాడేవాడో.

"గాలే కదా కావాల" అంది.
ఫోను అలమర మీద పెట్టింది.
స్నానాల గదిలోంచి మగ్గు తెచ్చిన చప్పుడు.
తర్వాత, టీకొట్టువాడు టీ తిరగబోసినట్టు
ఎత్తు నుంచి నీళ్ళు నీళ్ళలోకి పడే శబ్దం.
ముంచడం, ఎత్తడం, పొయ్యడం.
మధ్యలో ఎవరినో తిట్టడం,
చేపనో, నన్నో.
ఇచ్ఛాపురం దగ్గర సిగ్నల్ పోయేదాకా
ఆ శబ్దం చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.
జీడిపప్పు పిడికిట్లోనే మెత్తబడింది.

మేం తిరిగొచ్చేసరికి
కింది వీధి కుర్రాడు వైరు మార్చి వెళ్ళాడు.
బుడగలు లేస్తున్నాయి.
ఫ్రీజర్లో స్టీలు పళ్ళెం, దాని మీద మూత,
మూత కింద వేలెడేసి రెండు.
"తొమ్మిదీ రెండూ. లెక్క సూసుకో బాబూ.
నాకు లెక్క తప్పదు."
తెల్లారేదాకా మగ్గు వదల్లేదు,
ఆ పొద్దు హార్బర్లో వేలం పోయింది.
మూడొందలు అడిగింది.
ఐదొందల కాగితం ఇస్తే
కొంగుముడి విప్పి రెండొందలు వెనక్కిచ్చింది,
పొలుసు అంటుకున్న నోట్లు.

ఇప్పుడు గాలిగొట్టం మధ్యలో
గోరంత కవాటం ఒకటి పెట్టాను.
రోజూ తొమ్మిదింటికి ఎర్నమ్మ వస్తుంది,
బుట్టలో వంజరం, కానాగంతలు,
పైన తడి గోనె.
బుట్ట దించేముందు
గుమ్మంలోంచే గాజుపెట్టె వైపు మెడ చాపి అడుగుతుంది,
"ఏవమ్మా, ఊపిరాడతందా?"
తర్వాతే మా వైపు తిరిగి ధర చెబుతుంది.