పిడి మీద రెండు గాట్లు

డబ్బాలోంచి తీసిన తొమ్మిది చీటీల్లో
ఆరోది మా జేజినాయనది:
కూనిశెట్టి పుల్లయ్య,
ఇనుప సామాన్ల అంగడి, చిన్నచౌక్, కడప.

నీళ్లు చల్లితే బండ తడవకముందే
ఆవిరి లేచే ఎండాకాలం.
అంగడికి ఎనిమిది దినాలు తాళం.
జేజి మాత్రం మురిసిపోయి
పంచెకు గంజి పెట్టింది.
"జడ్జి పక్కన కూర్చుంటాడంట మా ఆయప్ప."

పక్కన కాదు. ఒక వారగా, రెండు బల్లల మీద.
అత్తరమ్మే మస్తాన్ సాయిబు,
పింఛను తీసుకునే తాసిల్దారు,
నిద్ర ఆపుకునేదానికి వక్క నమిలే కమలాపురం మోతుబరి,
ఇంకా ఎవరెవరో.
వాదించేటోళ్లు ఇంగిలీషులో వాదించుకున్నారు.
దుబాసి తెలుగు చేసినంత మేరకే
చచ్చినోడు చచ్చినాడు.

మూడోనాడు కొడవలి వచ్చింది.
మెడకు చీటీ కట్టిన కొడవలి
తాంబూలం పళ్లెం మాదిరి
చేతిలోంచి చేతిలోకి.
సాయిబు రుమాలుతో పట్టుకున్నాడు.
జేజినాయన ఉత్తచేత్తోనే పట్టుకున్నాడు,
అలవాటు.

పిడి మీద రెండు గాట్లు.
ఒకటి అడ్డంగా, ఒకటి ఏటవాలుగా.
సరుకు మనదేనని
తాను పెట్టుకునే గుర్తు.

లేచి చెప్పాల్సింది.
చెప్పలే.
ఆ యేడు అమ్మినవి మున్నూటికి పైనే,
ఎవరు కొన్నారో ఎవరికి ఎరుక?
పక్కాయనకు అందించి
చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

కడాన జడ్జి అన్నాడంట:
"చట్టం సంగతి నేను చూసుకుంటా.
జరిగిందా, జరగలేదా, అది మీరు చెప్పాల.
ఏంటికని మాత్రం అడగను."

పలుగు తూకంలో పలం తేడా వస్తే
నడిబజార్లో జవాబు చెప్పుకునే మనిషి.
మనిషి పానం తూచినాక
ఏంటికో చెప్పే పనిలేదన్నారు.

గది. తలుపు బయట జవాను.
ఒక కూజా, రెండే గ్లాసులు.
నలుగురు, చేసినాడు అన్నారు.
నలుగురు, చీకటి కదా,
ఆడమనిషి ఒక్కతి మాట కదా, అన్నారు.
తాసిల్దారు పెన్సిలు మొన నాలుక్కు తాకించి
"ఏం పుల్లయ్యశెట్టీ?" అన్నాడు.

"కాదు" అన్నాడు జేజినాయన.

నిజంగా అనుమానమేనా?
గాట్లు పెట్టిన చెయ్యి తనదనా?
అంగడి తాళం మీదికి మనసు పోయిందా?
జేజి ఆ రాత్రి అడిగింది,
ఆ తర్వాత ఎన్ని రాత్రులో.
"కోర్టే అడగలే, నువ్వెవరు?"
అని గోడ పక్కకు తిరిగేవాడంట.

ఐదు, నాలుగు.
జడ్జి కాసేపు ఏదో రాసుకొని ఒప్పుకున్నాడు.
విడుదలైనోడు మెట్లు దిగి,
కాళ్లకు చెప్పుల్లేవని అప్పుడే తెలిసినట్టు
గోడనీడ పట్టుకొని పోయినాడు.

జొన్న కోతలకు ఆమె వచ్చింది.
చచ్చినోని పెండ్లాం, మద్దిలేటమ్మ.
"నా కండ్లతో చూసినా సామీ" అని
బోనులో మూడు దినాలు నిలబడిన మనిషి.
ఈయన్ను గుర్తు పట్టిందో లేదో,
అప్పుడామె చూపంతా జడ్జి మీదే కదా.
కట్టలోంచి ఒక కొడవలి తీసి
బొటనవేలితో అంచు చూసి
"తెగుతాదా?" అనింది.

జేజినాయనకు మాట రాలే.
దుడ్లు వద్దని చెయ్యి ఊపినాడు.
"ఊరికే ఇచ్చేది ఏంటికి?"
అనింది.
జవాబు కోసం కాసేపు నిలబడి కూడా చూసింది.
తర్వాత ముప్పావలా గల్లా మీద పెట్టి పోయింది.

ఇదంతా జేజి చెప్పిందే. ఆయన కాదు.

అంగడి ఇప్పుడు నాది.
పైపులు, కుళాయిలు అమ్ముతా.
జ్యూరీలు ఎత్తేసి ఎన్నాళ్లో అయింది.
అటక మీద గోతాంలో
అమ్ముడుపోని కొడవండ్లు పదకొండు, తుప్పు పట్టి.
దించి చూసినా ఒకనాడు.
ఒక్క పిడి మీదా గాటు లేదు.

మీ సరుకేనా అని
ప్రమాణం చేయించి అడిగితే
నేను చెప్పలేను.