చెయ్యి ఊపే మనిషి

మామగారి వాచీ ఇది.
వాల్పరైసో రేవులో ముప్పై ఏళ్లు మూటలు దించిన చేతిది.
కీ ఇవ్వక్కర్లేదు, బ్యాటరీ లేదు,
చెయ్యి ఆడితేనే అది ఆడుతుంది.
లోపల సగం చందమామలాంటి ఇనప రేకొకటి
చాటలో గింజలా అటూ ఇటూ దొర్లి
స్ప్రింగుకి ఇంత తిండి పెడుతుంది.

ఆయన మణికట్టు మీద ఒక్కనాడూ ఆగలేదట.
ఓర్తెన్సియా ఈ మాట సూపు వడ్డిస్తూ అంటుంది,
నా వైపు చూడకుండా.
నా మణికట్టు మీదికొచ్చిన మొదటి మంగళవారమే
మూడూ పదికి చతికిలబడింది.

నేను కొండ లిఫ్టు నడుపుతాను.
వాలున పట్టాలు, రెండు చెక్క పెట్టెలు, ఒక ఉక్కు తాడు.
ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతుంది.
రోజంతా ఊరిని పైకీ కిందకీ మోసేవాణ్ణి,
నేను మాత్రం కుర్చీలోంచి కదలను.
కుడిచెయ్యి మీట మీద,
ఎడమచెయ్యి ఒళ్లో, ఎండకి పడుకున్న పిల్లిలా.

రిపేరు ముసలాయన దోన్ ఆర్నోల్ఫో
కంటికి భూతద్దం బిగించి
చాలాసేపు చూసి, మూత పెట్టేశాడు.
"దీనికి జబ్బేం లేదు నిబాల్దో,
రోగి బయట ఉన్నాడు."
డబ్బులు కూడా తీసుకోలేదు. అదింకా అవమానం.

అప్పట్నించీ ఎడమచేత్తో పళ్లు తోముతున్నాను.
ఎడమచేత్తో ఉల్లిపాయలు తరగబోతే వేలు తెగింది.
రాత్రి నిద్రలో పక్కకి దొర్లితే
దిండు దగ్గర సర్రుమని రేకు తిరిగిన చప్పుడుకి
ఓర్తెన్సియా "నాన్నా" అంటుంది, మెలకువ లేకుండానే.
నేను పలకను.

పనిలో మిగిలిన ఉపాయం ఒక్కటే.
పెట్టె పైకొచ్చిన ప్రతిసారీ కిటికీలోంచి చెయ్యి ఊపడం.
కూరల సంచీలవాళ్లకి, బడిపిల్లలకి,
ఫోటోలు తీసుకునే పరదేశులకి,
పదకొండేళ్లుగా నాతో మాటల్లేని
రొట్టెల ఎలియాసర్‌కి కూడా.
భుజం దాకా, గట్టిగా, ఓడని సాగనంపుతున్నట్టు.
మొదట్లో వెనక్కి తిరిగి చూసేవారు, ఎవరికా అని.
తరవాత వాళ్లూ ఊపారు.
ఇప్పుడు కొండ మీద ఒక మాట పుట్టింది:
నిబాల్దో మారాడు, వయసు మెత్తబరిచింది.
ఎలియాసర్ వేడి రొట్టె ఒకటి
కిటికీలో పెట్టి వెళ్లాడు, కాగితంలో చుట్టి.
తిన్నాను.
నేను వాచీకి కీ ఇచ్చుకుంటున్నానని
ఎవరికని చెప్పను?

ఇంత చేసినా రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది.
మామగారు దిద్దేవారు కాదు.
మూటలు దిగకుండా ఓడ ఎక్కడికి పోతుంది, అనేవారట.
నేను పొద్దున్నే దిద్దుతాను, గుర్తుంటే.

నిన్న సముద్రం మీంచి పొగమంచు లేచి
కొండని నడుం దాకా మింగింది.
తాడు తెల్లదనంలోకి దిగుతోంది, అందులోంచే వస్తోంది.
పెట్టె చేరిందని గంట విని తెలుసుకోవాలి.
లోపల ఎవరున్నారో, అసలున్నారో లేదో.
వాచీ కడుపు నిండుగానే ఉంది, అవసరం లేదు.
ఊపాను.

ఎక్కణ్ణించో ఒక ఆడగొంతు,
"టైమెంతయింది, దోన్ నిబాల్దో?"
"ఎనిమిదీ ఇరవై," అన్నాను.
"నాలుగు కలుపుకోండి."