వంతు

కాస్త్రోకి పడవ తెల్లవారుజామున ఐదున్నరకి.
మంగళ, గురు, శనివారాలు.
టికెట్ల పుస్తకంలో ఎర్మిందా పేరు రాయడం
బౌదీలియో ఎప్పుడో మానేశాడు.
ఇంజనుకి దగ్గరగా, వెచ్చగా ఉండే బల్ల మీద
గొర్రెతోలు ఒకటి పరిచి ఉంచుతాడు,
ఇంకెవరైనా కూర్చోబోతే
దగ్గుతాడు.

అతను చేసేది అంతే.
అది నాకు అర్థం కావడానికి రెండు చలికాలాలు పట్టింది.

మొదట్లో నేను పెద్ద పరామర్శకురాలిని.
కిడ్నీలు పోయాయని తెలిసిన మర్నాడే
నీళ్లోడుతున్న గొడుగుతో ఆమె వంటింట్లో దిగబడి
అంకూద్‌లో ఎవరో ఒకావిడ
ఏదో ఆకు కషాయం తాగి లేచి తిరుగుతోందని చెప్పాను.
(ఆకు పేరు కూడా చెప్పాను. ఆవిణ్ని నేనెప్పుడూ చూడలేదు.)
మా పిన్నికీ ఇలాగే, అని ఎత్తుకుని
ఆ కథ ఎక్కడ ఆగుతుందో సగంలో గుర్తొచ్చి
నాలుక కరుచుకున్నాను.
ఆమె లేచి పొయ్యిలో కట్టె వేసింది.
"ఆ తర్వాత?" అంది.
నవ్వుతూనే అంది.
ఆ నవ్వు నాకింకా అరగలేదు.

ఆపైన అతిజాగ్రత్త పట్టుకుంది నన్ను.
ఆమెకి రోజుకి లెక్కగట్టిన నీళ్లు,
మాత్రలు మింగేవి కూడా అందులోనే.
బంగాళాదుంపలంటే మా దీవి మట్టి కన్న బిడ్డలు,
ఊదావి, నల్లవి, బొటనవేలిలా వంకరపోయినవి.
ఆమెకి మాత్రం కోసి, నానబెట్టి, ఉడికించి, పారబోసి, మళ్లీ ఉడికించి
మట్టి వాసనంతా పోయాక రెండు ముక్కలు.
అలాంటి మనిషి ఎదుట మాతే ఎలా తాగుతాం?
అందుకని ఆదివారం సాయంత్రాలు ఆమె పొయ్యి చుట్టూ చేరే మేము నలుగురం
ఆమెకి చెప్పకుండా మా ఇంటికి మారాం.
దయ అనుకున్నాం దాన్ని.
కర్టెన్లు కూడా వేశాం.

కర్టెన్ వేస్తే పొగగొట్టం దాగుతుందా.

నాలుగో ఆదివారం వానలో వచ్చింది. తలుపు తట్టలేదు.
బూట్లు విప్పి, తనకో కుర్చీ ఉందేమోనని చూసి,
లేకపోతే కట్టెల పెట్టె మీద కూర్చుంది.
సొరబుర్ర రోసాల్బా చేతిలో ఉంది. తర్వాతి వంతు నాది.
"నాది," అంది ఎర్మిందా.
ఎవరం కదల్లేదు.
"తాగన్లే. ఇటివ్వు."

రెండు చేతుల్లోకీ తీసుకుంది,
చలికి కొయ్యబారిన వేళ్లు ఒక్కొక్కటీ దాని చుట్టూ సర్దుతూ.
ఆవిరి ముఖానికి తగలనిచ్చింది.
ఒక మనిషి తాగడానికి ఎంతసేపు పడుతుందో
సరిగ్గా అంతసేపు.
ఆనక నాకందించింది.
"డాక్టరు వద్దన్నది నీళ్లని.
మిమ్మల్ని కాదు."

నేను ఏడుస్తానని భయమేసి కాబోలు రోసాల్బా
పడవ అమ్మి గుర్రం కొన్న తన మరిది వెర్రి గురించి మొదలుపెట్టింది.
అందరికీ తెలిసిన కథే. అందరం విన్నాం.

ఇప్పుడు గురువారాలు నేనూ వెళ్తాను.
ఆ యంత్రం పక్కన నాలుగు గంటలు.
మేజోళ్లకి చిల్లులు కుడతాను.
"ఎలా ఉన్నావు" అని అడగడం మానేశాను,
ఎంత పెద్ద ప్రశ్న అది, పడుకున్న మనిషి మీద పడేయడానికి.
"రాత్రి నిద్ర పట్టిందా?" అంటాను.
పట్టలేదంటే, పట్టలేదనే.
కొన్నాళ్లు నా మొహం చూడనంటుంది.
అప్పుడు కిటికీలోంచి పడవలు లెక్కపెడతాను. ఇంటికి పోను.

ఒకసారి, అడక్కుండానే,
నా వేళ్లు పట్టుకుని తన మోచేతి కింద పెట్టుకుంది,
సూదుల కోసం నరాలు కలిపి కుట్టిన చోట.
చర్మం లోపల తుమ్మెద.
జుమ్మని, ఆగకుండా.
"రాత్రిళ్లు చెవి కింద పెట్టుకుంటే వినిపిస్తుంది," అంది,
"ఇంకా ఉన్నానని."
ఏదో ఒకటి అనాలనిపించింది నాకు.
అనలేదు.
వేళ్లు తీయలేదు.

ఈ శనివారం రేవు మెట్లు దిగడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.
నేను ముందు దిగి, సంచీ పెట్టి,
ఆదమరిచి ఆ గొర్రెతోలు మీదే కూర్చున్నాను.
బౌదీలియో దగ్గాడు.
లేచాను.

ఇంజను తిరుగుతూనే ఉంది.
ఐదూ నలభై అయింది.
పడవలో పదకొండుమందిమి,
ఎవరం గడియారం చూళ్లేదు.